వానలకు ముందు మన ఇండ్లు, మన గింజలు
(పాస్టరేటులోని వ్యవసాయ కుటుంబముల కూడికలో చేసిన ప్రసంగము)



శతాబ్ది సందర్భమున చెప్పుకొనవలసిన గొప్ప సంగతులు చాలా గలవు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య గారు బిషప్పుగా అభిషేకము పొందుట, 1939 జనవరి 6న దోర్నకల్ ఎపిఫనీ కెథీడ్రల్ ప్రతిష్ఠ, 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడుట, వీటిని గురించి మా కంటె ఎరిగినవారు మాట్లాడుదురు. మాకు ఇచ్చిన అంశము చిన్నది: ఇంటి బాగు, గింజల భద్రత. "ఇది వ్యవసాయాధికారి చెప్పవలసిన మాట గదా అయ్యగారూ, మీకెందుకు?" అని ఒక పెద్దమనిషి నవ్వుచు అడిగినారు. ఏటేట కోత పండుగనాడు బల్లముందు పెట్టిన వరికంకులను, గుమ్మడికాయలను ఆశీర్వదించుటకు మేము కావలెను గాని, ఆ గింజ ఇంటికి పోయి పుచ్చిపోయిన సంగతి మాకు అక్కరలేదా? అక్కరకలదు అనియే మా నమ్మకము.

ముందుగా ఒక మాట ఒప్పుకొందము. మన తాతముత్తాతలలో ఎక్కువమంది పరుల పొలములలో బ్రతికినవారు. మోట బావులకు తోలు బొక్కెనలు కుట్టినది మనవారే. కళ్ళము అలికినది, తూర్పారబట్టినది, గాదెలకు మట్టి పూసినది మనవారే. మేర అను పేర కళ్ళములో కొలిచి పోసిన నాలుగు గింజలే వారి జీతము. చాలాచోట్ల అది జీతము కూడ కాదు, వెట్టి. ఎవరి గింజకు చీడ పట్టకుండ ఎవరు కాపాడిరో ఊరందరికిని తెలియును. ఇప్పుడు ఎకరమో అరయెకరమో మనకు సొంతముగా ఉన్నది. కొందరికి కౌలు చేనైనను ఉన్నది. పక్కా ఇల్లు ఉన్నది. అయితే ఆ తరము చేతిలో ఉండిన విద్య ఈ తరము చేతికి రాలేదు. చదువుకొన్న పిల్లలకు పేడ తట్ట పట్టుట, నిచ్చెన ఎక్కి పెంకు సవరించుట నామోషీగా ఉన్నది. ఆ సిగ్గునకు కారణము లేకపోలేదు. బలవంతముగా చేయించిన పని మీద ఎవరికి ప్రేమ పుట్టును? కాని అది పరులకొరకు చేసినప్పుడు బానిసత్వమైనది గాని, పనిలో దోషము లేదు. ఆ విద్య మన ఆస్తి. దానిని సిగ్గుపడి పారవేసుకొనవలదని మేము మనవి చేయుచున్నాము.

ఇక గింజ సంగతి. వరి ఇప్పుడు యంత్రము కోయుచున్నది, చేనినుండియే కొనుగోలు కేంద్రమునకు పోవుచున్నది. అక్కడ 17 శాతము తేమ వరకు తీసుకొందురు. చాలామంది ఆ గింజనే నాలుగు బస్తాలు తిండికి, విత్తనమునకు ఇంట దించుకొనుచున్నారు. ఇక్కడనే నష్టము. అమ్ముటకు పనికివచ్చిన ఎండు, దాచుటకు చాలదు. విత్తనపు వడ్లకు 13 శాతము, పెసలు, కందులు, మినుములకు 9 శాతము తేమకు దిగవలెను. మన ఇండ్లలో తేమ కొలుచు యంత్రము ఎక్కడిది? మన అవ్వలకు పన్నే యంత్రము. గింజ కొరికినప్పుడు టక్కున విరిగినచో ఎండినట్టు, సాగినచో లేనట్టు. ఎండబోసిన గింజను వేడివేడిగా సంచిలోనికి ఎత్తకూడదు. సంచిలో చెమర్చి బూజు పట్టును. సాయంత్రము నీడలో చల్లార్చి ఎత్తవలెను. పాత సంచులను తిరుగవేసి దులిపి, మండుటెండలో పరచనిదే కొత్త గింజ పోయవలదు. నిరుటి పురుగు కుట్టుల సందులలోనే కాచుకొని ఉండును. బస్తాలను నేలమీద గాక కర్రబల్లమీద, గోడకు జానెడు ఎడముగా పెట్టవలెను.

పెసలకు, కందులకు పట్టు పుచ్చుపురుగు ఇంట పుట్టునని అనుకొందుము. అది చేనిలోనే కాయమీద గుడ్డు పెట్టి, మనతోకూడ ఇంటికి వచ్చును. గింజమీద తెల్లని చుక్క కనబడినచో అది గుడ్డే. నెల దాటునప్పటికి గుండ్రని బెజ్జము చేసికొని పురుగు బయటికి వచ్చును, మరల గుడ్లు పెట్టును. కావున మొదటి నెలలో చేయని పని మూడవ నెలలో చేసి లాభము లేదు. తిండికి ఉంచినవి త్వరగా పప్పు చేయించుట మేలు. ఆ పురుగు నిండు గింజలో పెరిగినట్టు బద్దలలో పెరుగదు. విత్తనమునకు ఉంచినవాటికి కిలోకు ఒక చెంచాడు, అనగా 5 మిల్లీలీటర్ల వంటనూనె, గింజగింజకు అంటునట్లు రుద్దవలెను. పిడకల బూడిద కలిపినను, ఎండిన వేపగింజల పొడి కలిపినను మంచిదే. నూరు కిలోలకు ఒక కిలో రెండు కిలోల పొడి చాలును. పైన రెండంగుళముల ఎండు ఇసుక పరచు పద్ధతి మన పెద్దలది. నేడు మూడు పొరల సంచులు కూడ వచ్చినవి. గాలి చొరకుండ మూతి గట్టిగా కట్టినచో లోపలి పురుగు ఊపిరాడక చచ్చును. వెల కొంచెము ఎక్కువ, గాని జాగ్రత్తగా వాడినచో ఒక ఏటికంటె ఎక్కువ వచ్చును.

విత్తుటకు ముందు పదిరోజులు ఉండగా నూరు గింజలు లెక్కపెట్టి తడి గోనెపట్టాలో చుట్టి చూడుడి. వడ్లు 80, పెసలు కందులు 75 మొలిచినచో దిగులు లేదు. తక్కువైనచో విత్తనము మార్చుకొనుటకు ఇంకను వ్యవధి ఉండును. చేనిలో వేసిన తరువాత తెలిసినచో అది అప్పు. పత్తి, మక్కజొన్న వంటి హైబ్రీడు పంటలకు ఇంటి విత్తనము పనికిరాదు, వాటిని ఎట్లయినను కొనవలసినదే. కనుకనే దాచుకొనగల విత్తనమునైనను దాచుకొనుడని చెప్పుచున్నాము.

ఇందులో ప్రాణమునకు సంబంధించిన మాట ఒకటి కలదు, దీనిని దయచేసి అందరును వినవలెను. ధాన్యపు పురుగుకు కొందరు దుకాణములో దొరకు సల్ఫాస్ వంటి బిళ్ళలను తెచ్చి, పడుకొను గదిలోనే బస్తాల మధ్య వేయుచున్నారు. ఆ బిళ్ళకు గాలిలోని తేమ తగిలినంతనే ఫాస్ఫీను అను విషవాయువు పుట్టును. అది పురుగును చంపినట్టే మనిషిని చంపును. తలుపులు మూసి పిల్లలను ప్రక్కన పండబెట్టుకొన్న ఇంట తెల్లవారునప్పటికి ఏమగునో మేము విడమరచి చెప్పనవసరము లేదు. మనుష్యులు కాపురముండు ఇంట ఆ బిళ్ళ ఎన్నటికిని వాడరాదు. చేనికి కొట్టు మందు డబ్బాలు కూడ ఇంటి చూరులో, వంట సామానుల ప్రక్కన ఉండరాదు. పెట్టెలో పెట్టి తాళము వేసి, తాళపుచెవి ఒక్కరియొద్దనే ఉంచుడి. కోపముగా ఉన్న ఘడియలో చేతికి అందకపోవుటవలన నిలిచిన ప్రాణములు ఉన్నవి. పాదిరిగా సమాధి భూములకు నడిచినవారము గనుక ఈ మాట చెప్పుచున్నాము.

ఇంటి విషయము. మట్టిగోడ పైనుండి కూలదు, పాదమునుండి కూలును. చూరునీళ్ళు పడి చిమ్మినచోట గోడ అడుగు కరగును, ఎలుక బొరియ చేయును, ముసురు పట్టిన మూడవ రాత్రి గోడ పడును. రోహిణి కార్తె దాటకముందే గోడచుట్టు మట్టి ఎత్తుచేసి, నీరు పోవుటకు కాలువ తీసి, బొరియలు రాళ్ళతో పూడ్చి, పేడమట్టి మెత్తవలెను. పెంకుటిండ్లవారు పగిలిన పెంకులు మార్చి, వాసములకు చెదలు పట్టినదేమో పొడిచి చూడవలెను.

స్లాబు ఇండ్లవారు తమకు ఈ పని లేదనుకొందురు. అది పొరపాటు. వేపాకులు తూములో అడ్డుపడి మిద్దెమీద నీరు నిలిచినచో, లోపలి ఇనుపచువ్వ తుప్పుపట్టి ఉబ్బును, పెచ్చులూడి పడును. ఏటికి రెండుమార్లు చీపురు పట్టుకొని మిద్దె ఎక్కినచో చాలును. ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయములో కొత్త ఇల్లు కట్టినవాడు మిద్దెకు పిట్టగోడ కట్టవలెనను విధి ఉన్నది. మిరపకాయలు ఎండబెట్టుచు, గాలిపటము ఎగురవేయుచు పిల్లలు తిరుగు మన మిద్దెలకు ఎన్నింటికి పిట్టగోడ ఉన్నది? ఆ వచనము చదివి ముందుకు పోవుదుము గాని, రెండు వరుసల ఇటుకలు పేర్చుటకు మనకు తీరిక ఉండదు. బట్టలు ఆరవేయు ఇనుపతీగె విషయము కూడ అంతే. కరెంటు తీగె ఒరసికొన్నచో తడిబట్ట ఆరవేయు చెల్లెలి ప్రాణము పోవును. నేడే దానిని తీసి నైలాను తాడు కట్టుడి.

ప్రసంగి గ్రంథములో ఇంటికప్పు దిగజారుటకు సోమరితనమును కారణముగా చెప్పిన మాట ఉన్నది. మాకు దానితో వాదము లేదు. కాని కారుచున్న ప్రతి ఇల్లు సోమరి ఇల్లు కాదు. భర్త పట్టణములో కూలికి పోయి, ఇంట ముసలి అత్తయు చంటిబిడ్డయు ఉన్న స్త్రీ నిచ్చెన ఎట్లు ఎక్కును? గింజ ఎండబోయుట, అలుకుట, పురుగు చూచుట ఇంతకాలము ఆడవారి పనియే. పూట పూటకు పిడికెడు బియ్యము తీసిపెట్టి ఈ సంఘములను పోషించినదియు వారే. వారు తీసిన బియ్యమును లెక్క వ్రాసికొన్నాము గాని, ఆ బియ్యము పుచ్చకుండ కాచిన పనిని ఎవరును లెక్క వ్రాయలేదు.

కావున సంఘ పెద్దలతో ఆలోచించి ఒక ఏర్పాటు చేసినాము. యాసంగి కోతలు ముగిసిన తరువాత వచ్చు మూడు శనివారములు యౌవనస్థులు, పురుషులు కలిసి, మొదట విధవరాండ్ర ఇండ్లు, తరువాత మగదిక్కు దూరమున ఉన్న ఇండ్లు, కడపట మన ప్రార్థన మందిరము చూడవలెను. నిచ్చెన ఉన్నవారు నిచ్చెన, పార ఉన్నవారు పార తీసికొని ఉదయము ఆరు గంటలకు రావలెను. భోజనము ఆ ఇంటివారిని అడుగరాదు, ఎవరి సద్ది వారు తెచ్చుకొనవలెను. మందిరపు తాళపుచెవి ఇకమీదట ఇద్దరియొద్ద ఉండును. ముసురు రాత్రులలో ఎవరి గోడమీద వారికి అనుమానము కలిగినను, ఏ వేళనైనను వచ్చి అడుగవచ్చును. చాపలు లోపలనే పెట్టియుంచెదము.