కంచములోని మార్పు – కాయములోని మార్పు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగ పాఠము)



గ్రంథము మనస్సునకు ఆహారమని పెద్దలందురు. ఇరువదియైదేండ్లుగా ఈ గ్రామమునకు అట్టి ఆహారమును పంచిపెట్టుచున్న గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను వేళ, దేహమునకు వేయు ఆహారమును గూర్చి కూడ కొంత విచారించుట అప్రస్తుతము కాజాలదు. పాలమూరు జిల్లాకు చెందిన సురవరం ప్రతాపరెడ్డిగారు 1949లో వెలువరించిన ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’ రాజుల యుద్ధములను ప్రక్కకు నెట్టి ప్రజల తిండిని, బట్టను, ఆటపాటలను చరిత్రగా నిలిపినది. ఆ గ్రంథమునకు 1955లో సాహిత్య అకాడమి పురస్కారము లభించినది. ప్రజలు ఏమి తినిరో తెలిసికొనుట చరిత్ర యైనచో, ఇప్పుడేమి తినుచున్నారో తెలిసికొనుట ఆరోగ్యము.

పూర్వము ఊరిలో బొజ్జగల మనిషి కనబడినచో ‘కలిగినవాడు’ అనుకొనెడివారు. నేడు ఆ మాట చెల్లదు. 2019–21 నడుమ జరిగిన ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, తెలంగాణములో 15 మొదలు 49 ఏండ్ల వయస్సు గల స్త్రీలలో నూటికి 30 మంది, పురుషులలో నూటికి 32 మంది ఉండదగిన దానికంటె ఎక్కువ బరువు కలిగి యున్నారు. జనులు షుగరు, బీపీ యని పిలుచు వ్యాధులు ఈ బరువును వెన్నంటి వచ్చును. కూలినాలి చేసికొని బ్రతుకు ఇంట ఒకరు మంచము పట్టిరా, ఆ యింటికి ఒక చేయి పడిపోయినట్లే. కావున ఇది అందచందములకు సంబంధించిన విషయము కాదు. సంసారము నిలుచుటకు సంబంధించినది.

బరువు తగ్గగోరువారు సాధారణముగా రెండు దారులు త్రొక్కుదురు. కడుపు మాడ్చుకొనుట ఒకటి. ప్రతి ముద్దకును కెలోరీలు లెక్కించుట రెండవది. కెలోరి యనగా ఆహారమునందలి శక్తిని కొలుచు మానము. ప్రొద్దున నాట్లకు పోయి ప్రొద్దుగూకి ఇల్లు చేరు ఇల్లాలు పొయ్యి ముందర కూర్చుండి ఈ లెక్కలు వేయగలదా? వేసినను ఎన్నినాళ్లు వేయగలదు? ఆ లెక్క లేకయే బరువు తగ్గి, తగ్గిన బరువు మరల పెరుగకుండు త్రోవ ఒకటి కలదు. కంచములోని పదార్థముల పాళ్లను, తిను వరుసను, తిను వేళను కొంచెము కొంచెముగా మార్చుకొనుటయే ఆ త్రోవ.

ఈ మార్పు అవసరమేల యైనదో తెలియవలెనన్న ఈ సీమ కంచము ఎట్లు మారినదో చూడవలెను. నల్లగొండ, పాలమూరు జిల్లాలలో అధికభాగము మెట్టప్రాంతము. చెల్క నేలలు, వాన నమ్మరానిది. ఆ నేలలో పండినవి జొన్నలు, సజ్జలు, కొర్రలు, తైదలు, కందులు, ఉలవలు, ఆముదములు. ప్రొద్దున అంబలి, పనివేళ జొన్నరొట్టె, రాత్రి గటుక లేదా సంకటి. నంజుకొనుటకు పుంటికూర, గంగవాయిలికూర, పప్పు, పచ్చిపులుసు, మజ్జిగ. చెరువుల క్రింది మాగాణిగల గ్రామములను, సంపన్న గృహములను విడిచినచో, వరియన్నము చాలమందికి పండుగనాటి వంట.

1955 డిసెంబరు 10న నాగార్జునసాగరమునకు పునాదిరాయి పడినది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడిచిరి. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతములు వరిచేలతోను బియ్యపు మిల్లులతోను నిండినవి. పిమ్మట మోట పోయి మోటారు వచ్చినది. బోరుబావుల క్రింద మెట్టలు సైతము వరి మళ్లయినవి. 1983లో కిలో రెండు రూపాయల బియ్యము పేదవాని గడప చేరినది. 2025 ఉగాదినాడు హుజూర్‌నగర్‌లోనే రేషను దుకాణముల ద్వారా మనిషికి నెలకు ఆరు కిలోల సన్నబియ్యము ఉచితముగా ఇచ్చు పథకము ప్రారంభమైనది. రెండు తరములలో పండుగ వంట నిత్యపు వంట యైనది.

ఇది దురదృష్టమని యెవరును అనరాదు. కరవుకాలములో గంజికై బారులు తీరిన తాతల మనుమలు నేడు కడుపునిండ తినుచున్నారు. అది గొప్ప విజయము. పాతకాలమంతయు ఆరోగ్యకాలమనుటయు సత్యము కాదు. జొన్నలే గతియైన బీదలలో చర్మము కమలి పొరలు లేచు పెలాగ్రా వ్యాధి విరివిగా కనబడెడిది. హైదరాబాదులోని పోషకాహార పరిశోధనాలయమున గోపాలన్, శ్రీకంఠయ్యగారలు 1960లో జొన్నలోని ల్యూసిన్ అను పదార్థపు ఆధిక్యమునకును ఈ వ్యాధికిని గల సంబంధమును ప్రకటించిరి. పప్పు, పాలు, ఆకుకూరలు తోడుపడిన యింట ఆ వ్యాధికి చోటు తక్కువ. ఏ ఒక్క ధాన్యమును అమృతము కాదు, ఏ ఒక్క ధాన్యమును విషము కాదు, పొత్తు కుదిరినదే ఆహారమని దీనివలన తెలియుచున్నది.

మరి బరువు ఎందుకు పెరిగినది? జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన ఆహార పట్టికలను చూచినచో ఒక ఆశ్చర్యము కనబడును. నూరు గ్రాముల బియ్యములోను, నూరు గ్రాముల జొన్నలలోను గల శక్తి ఇంచుమించు సమానమే. కెలోరీలు లెక్కించువానికి రెండును ఒక్కటే. కాని పీచుపదార్థము బియ్యములో మూడు గ్రాములకు లోపు. జొన్నలలో పది గ్రాములు. జొన్నరొట్టెను నమిలి నమిలి తినవలెను. రెండు రొట్టెలకే దవడలు అలసి, కడుపు నిండినదను కబురు మెదడునకు అందును. మెత్తని తెల్లని అన్నము నమలక ముందే జారిపోవును. త్వరగా చక్కెరగా మారి నెత్తురులో చేరును. మరల త్వరగా ఆకలి వేయును. పైగా రొట్టెకు కూర ఎక్కువ కావలెను. అన్నమునకు చారెడు పులుసు, ఒక పచ్చడి చాలును. అందుచే అన్నము పెరిగినకొలది కూర, పప్పు తగ్గినవి. అదే కాలమున నాగలికి మారు ట్రాక్టరు, కొడవలికి మారు కోతయంత్రము, కాలినడకకు మారు మోటారు సైకిలు వచ్చినవి. చెమట తగ్గినది, ముద్ద తగ్గలేదు. దీనికి తోడు తేనీరు, మిర్చిబజ్జీలు, పొట్లములలో అమ్ము కరకరలాడు తినుబండారములు నడుమ నడుమ వచ్చి చేరినవి.

ఇట్లు అలవాటుచే వచ్చిన బరువు ఉపవాసముచే నిలకడగా పోదు. అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయమున 1944–45లో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు 36 మంది ఆరోగ్యవంతులగు యువకులను, వారి సమ్మతితోనే, 24 వారములు అర్ధాకలితో నుంచెను. వారి బరువు నాలుగవ వంతు తగ్గెను. కాని పగలు రేయి తిండి ధ్యాసయే వారిని పట్టుకొనెను; శరీరము తన ఖర్చును తగ్గించుకొనెను; నిషేధము తొలగిన పిదప పలువురు తిన్నంత తిన్నను తృప్తి కానకుండిరి. ఆకలిని శత్రువుగా చేసికొన్నవాడు తుదకు ఆకలి చేతిలోనే ఓడిపోవును. పది దినములు కడుపు మాడ్చి, పదునొకండవ దినమున రెండింతలు తినువారు ప్రతి గ్రామమునను కలరు.

దీనికి భిన్నమైన పరీక్ష యొకటి అమెరికాలోనే కెవిన్ హాల్ నాయకత్వమున జరిగి 2019లో వెల్లడియైనది. ఇరువదిమందికి రెండు వారములు యంత్రశాలలలో తయారైన పొట్లపు తిండిని, రెండు వారములు ఇంటివంట వంటి సహజాహారమును వడ్డించిరి. రెండింటను ముందుంచిన శక్తి, చక్కెర, కొవ్వు, పీచు సమానమే. ఎంత కావలెనన్న అంత తినవచ్చును. లెక్క లేదు, ఆంక్ష లేదు. పొట్లపు తిండి తిన్ననాళ్లలో వారు తమకు తెలియకయే దినమునకు ఇంచుమించు 500 కెలోరీలు ఎక్కువ తినిరి. కిలోకు దగ్గరగా బరువు పెరిగిరి. సహజాహారము తిన్ననాళ్లలో అంతే తగ్గిరి. తిండి జాతి మారినంతనే తిండి కొలత తానై మారినది. లెక్క అక్కరలేని త్రోవ కలదనుటకు ఇంతకన్న నిదర్శనమేమి కావలెను?

ఇక ఆచరణ. మొదటి మార్పు కంచములో. జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలలో కంచమున సగభాగము కూరగాయలు, ఆకుకూరలు, దుంపలు, పండ్లు ఉండవలెనని కలదు. నేటి కంచమున అన్నము కొండ, కూర దాని ప్రక్కన గుట్ట. దీనిని తలక్రిందులు చేయవలెను. ఒక్కనాడు కాదు, వారమునకు ఒక గరిటె అన్నము తగ్గించి ఒక గరిటె కూర, పప్పు పెంచుచు పోవలెను. కడుపు నిండవలెను, నింపు వస్తువు మారవలెను.

రెండవది వరుస. ముందుగా కూరయు పప్పును కొంత తిని, పిదప అన్నము కలుపుకొనవలెను. అప్పుడు అన్నము సగముననే చాలుననిపించును. నెత్తురులో చక్కెర సైతము ఒక్కసారిగా పొంగదు.

మూడవది, రెండు పూటలలో ఒక పూటనైన జొన్నరొట్టె, సజ్జరొట్టె లేదా కొర్రన్నము. రాత్రిపూట రొట్టె ఈ సీమలో నేటికిని చాల యిండ్ల వాడుకలో నున్నదే. ఐనను జొన్న పేరుతో అమ్ము బిస్కత్తులు జొన్నరొట్టెలు కావు. నేయి, బెల్లము కలిపిన చిరుధాన్యపు లడ్డూలు లడ్డూలే.

నాల్గవది పానీయములు. దినమునకు ఐదు మారులు, మారునకు రెండు చెంచాల చక్కెరతో తేనీరు త్రాగువాడు దినమునకు పది చెంచాలు, నెలకు కిలోకు మించిన చక్కెర త్రాగుచున్నాడు. నమలని తిండి కడుపునకు ఆననిది. ఐదింటిని రెండు చేసి, మిగిలిన వేళల పలుచని మజ్జిగయో మంచినీరో త్రాగవలెను. రెండు చెంచాలను ఒకటిన్నర, ఒకటి, అర యని నెల నెల తగ్గించినచో నాలుక తెలిసికొనదు. సీసాలలోని తియ్యని పానీయములకును, మద్యమునకును ఇదే న్యాయము.

ఐదవది నూనె. ప్రతి వంటకు కొలువ నక్కరలేదు. నెలకు ఇంటికి తెచ్చు నూనె పొట్లములెన్నో గోడమీద గీతలు గీసికొని, వచ్చు నెల ఒక గీత తగ్గించుటకు యత్నించిన చాలును. సకినాలు సంక్రాంతికి, గారెలు పండుగలకు ఉండనే యున్నవి. ప్రతి సాయంకాలమును పండుగ కానక్కరలేదు.

ఆరవది వేళ. టెలివిజను ముందు, చేతి ఫోను ముందు కూర్చుండి తినువానికి తిన్నది తెలియదు. చీకటి పడినంతనే భుజించి, భోజనానంతరము ఊరి చివరి దాక నడచి వచ్చుట ఖర్చులేని ఔషధము.

ఇచ్చట ఇల్లాలిని గూర్చి ఒక మాట చెప్పక తప్పదు. అందరికిని వడ్డించి చివర కూర్చుండు ఆమెకు మిగులునది అన్నమే. కూర, పప్పు అప్పటికి అడుగంటును. అన్నము పరబ్రహ్మ స్వరూపమని పారవేయ మనసొప్పక, ఆకలి తీరిన పిదపను ఆమె ఆ మిగులును తినును. ఆమె బరువునకు తిండిపోతుతనము కారణము కాదు. ఇంటి వడ్డన పద్ధతి కారణము. అందరు కలిసి కూర్చుండి తిని, ఆమె వంతు కూరను ముందుగనే తీసియుంచు యింట ఈ చిక్కు సగము తీరును. వంట ఆమె చేతిలో నున్నది కాని, మార్పు ఇంటిల్లిపాది చేతిలో నున్నది.

కొందరు జాగ్రత్త వహింపవలెను. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, ఎదుగు పిల్లలు, బక్కచిక్కిన వృద్ధులు బరువు తగ్గుటకై తిండి తగ్గించరాదు. షుగరునకు మాత్రలో ఇన్సులినో వాడువారు వైద్యునితో చెప్పకయే అన్నము తగ్గించినచో నెత్తురులో చక్కెర పడిపోయి స్పృహ తప్పు ప్రమాదము కలదు. ముందు వైద్యుని అడిగి, పిదప కంచము మార్చవలెను.

ఫలితమును తెలిసికొనుటకు తూనికయంత్రము కూడ అక్కరలేదు. తన ఎత్తుతో సమానమైన దారమును తీసికొని సగమునకు మడచి నడుమునకు చుట్టి చూచికొనవలెను. కొసలు కలిసినచో మేలు. కలియనిచో పొట్ట పెరిగినదని గుర్తు. మగవారికి మొలత్రాడే సాక్షి. నెలకొక మారు చూచికొనిన చాలును. కొలత వెంటనే కదలలేదని నిరుత్సాహపడరాదు. చెన్నైలో 531 మందిపై జరిగి 2006లో ప్రకటితమైన పరిశోధనలో, నడకను ఆహార సవరణను అలవరచుకొన్నవారికి మధుమేహము వచ్చుట నూటికి 28 పాళ్లు తగ్గినది; వారి బరువు మాత్రము చెప్పుకోదగినంతగా తగ్గలేదు. దేహము లోపలి మేలు కంటికి ఆలస్యముగ కనబడును.

కంచము రెండు తరములలో మారినది. దానిని రెండు వారములలో వెనుకకు త్రిప్పగోరుట తొందరపాటు. ఒక నెలకు ఒక్క అలవాటు చొప్పున మార్చుకొన్నవాడు ఏడాది తిరుగునప్పటికి తాను మారితినని కూడ ఎరుగకయే మారియుండును. అట్టి మార్పే నిలుచును. ఈ గ్రంథాలయము కూడ ఒక్కనాట వెలిసినది కాదు. ఒక్కొక్క పుస్తకముగా చేరి ఇరువదియైదేండ్లకు ఇంతటిదైనది. ఆరోగ్యమును అట్లే ఒక్కొక్క ముద్దగా కూడబెట్టుకొనవలెను.

స్వస్తి.