సినిమాల వంట ఎవరు చేసిండ్రు?

(వనపర్తి సభలో ఒక టీచరు మాట్లాడిన మాటలు)



1957ల వచ్చిన 'మాయాబజార్' మనమందరం చూసినం. పెండ్లి వంటకాలన్నీ ఘటోత్కచుడు ఒక్కడే ఖాళీ చేస్తడు. లడ్లు వాటంతట అవే ఎగిరి ఎస్వీ రంగారావు నోట్ల పడుతుంటే మన అవ్వలు నవ్విండ్రు, మన పిల్లలు ఇప్పటికీ నవ్వుతరు. నవ్వాలె కూడా. గాని ఆ గంగాళాల కింద మంట పెట్టిందెవరు? కట్టెలు కొట్టిందెవరు? సినిమా చెప్పదు. తినేటోడు కనబడతడు, వండినోళ్లు కనబడరు.

1974ల శ్యామ్ బెనెగల్ 'అంకుర్' తీసిండు. కథ మన తెలంగాణదే. దొర కొడుకు సూర్య, దళిత స్త్రీ లక్ష్మితోని చాయ పెట్టించుకుంటడు, వంట చేయించుకుంటడు. ఊరు గుసగుసలాడుతది. ఆమె చేతి కూడు అతనికి పనికొచ్చింది, ఆమె కడుపుల బిడ్డ పనికిరాలే. ఇక్కడ నవ్వు రాదు. పొయ్యి కాడి మనిషి మొఖం మనకు కనబడింది గదా!

హాస్యం చెడ్డది, వాస్తవం మంచిది అని నేనంటలేను. ఏడిపించే సినిమాలల్లనే మనం కనబడితే చాలదు. మన ఇండ్లల్ల జొన్నరొట్టె కాడ నవ్వులు లేవా? అవి కూడా తెర మీదికి రావాలె.

ఇగ ఊరికొద్దాం. బడి వంటకు మనిషిని పెట్టేటప్పుడు దళితులకు, ఆదివాసులకు ముందు చోటియ్యాలని 2004ల సుప్రీంకోర్టు చెప్పింది. మీ బడిల గంటె ఎవరి చేతిల ఉంది? రేపే పోయి చూడుండ్రి. మన అక్క వండితే పిల్లలందరూ ఒక్క బంతిల కూసోని తినాలె. ఎవరన్న వద్దంటే ఎంఈఓ కాడికి అందరం కలిసి పోదాం.