ప్రాత ఫిరంగికి గాలిచక్రములు



సాతంరాయికి కొన్ని క్రోసుల దూరముననే గోల్కొండ దుర్గము కలదు. అందలి పెట్ల బురుజుపై ‘ఫతే రహబర్’ అను పెద్ద ఫిరంగి నేటికిని కాననగును. 1687 సంవత్సరపు ముట్టడిలో ఔరంగజేబు పక్షమున ప్రసిద్ధికెక్కిన దది. చూడవచ్చినవారు దాని గొట్టమును కొలిచి ఆశ్చర్యపడుదురు. అంతటి బరువు అచ్చటి కెట్లు చేరినదని యోచించువారు అరుదు. 1795లో రేమాను హైదరాబాదున ‘తోప్‌కా సాంచా’ స్థాపించిన నాటికిని, ఫిరంగిని మోసినది కొయ్యచక్రమే, లాగినది పశుబలమే.

ఆంగ్లసైన్యమున 1904లో ప్రవేశించిన 18 పౌన్ల ఫిరంగికి సైతము కొయ్య ఆకులు, ఇనుప పట్టా గల చక్రములే యుండెను. ఆరు గుఱ్ఱములు దానిని లాగెడివి. తరువాత గుఱ్ఱముల స్థానమున మోటారు వచ్చినది. బండి వేగముగ పోవుకొలది ఆకులు వదులయ్యెను. గుఱిచూచు సున్నితపు పరికరములు అదరి చెడసాగెను. మెల్లగ నడిపినచో ఫిరంగి వెనుకబడును. ముందున్న కాల్బలము నిరాధారమగును. గొట్టము మంచిదే, క్రొత్త ఫిరంగులకు ధనము చాలదు. కావున 1930 తరువాతి సంవత్సరములలో అనేక ఫిరంగులకు ఉక్కుచక్రములును, గాలినింపిన రబ్బరు టైర్లును అమర్చిరి. అమెరికావారును ఫ్రెంచి పద్ధతి 75 మిల్లీమీటర్ల ఫిరంగులను అట్లే మార్చిరి.

అంతటితో పని ముగియలేదు. దారిలో కుదుపును మ్రింగిన టైరే, ప్రేల్చినపుడు బంతివలె ఎగిరి గుఱిని చెఱచును. 25 పౌన్ల ఫిరంగికి చక్రముల క్రింద గుండ్రని ఇనుప పీఠము నొకదానిని చేర్చిరి. దానిపై నిలిపిన ఫిరంగిని ఒక్క మనుష్యుడు తోక పట్టి నలుదెసలకు త్రిప్పగలడు. ఈ జాతి ఫిరంగులే 1965, 1971 యుద్ధములలో భారతసైన్యమునకు తోడ్పడినవి. 1962లో స్థాపితమైన హైదరాబాదు ఫిరంగిదళ శిక్షణకేంద్రము గోల్కొండ చెంతనే యున్నది.

టైరుబండి కట్టిన రైతునకు ఇందు వింత తోచదు. ఎడ్ల మెడకు సుఖము కలిగినదని బరువు రెట్టింపు చేసినచో, పల్లమున ఆ బండియే ఎడ్లమీదికి వచ్చును. ఒక అంగమును మార్చినవాడు తక్కిన అంగములను పరీక్షింపవలెను. చెడినదెద్దియో ఎఱుగక మొత్తమును పారవేయుటయు తప్పే. రజతోత్సవము జరుపుకొను గ్రంథాలయమునకును ఇది వర్తించును: అట్ట చినిగినదని గ్రంథమును తూకమున కమ్మరాదు, క్రొత్త అట్ట వేసి పాఠకుని చేతికీయవలెను.