దేహం ఒక అమానతు: మితాహారం మన బాధ్యత

మొదటి ఖుత్బా

సమస్త స్తోత్రాలు, ప్రశంసలు సర్వలోక ప్రభువైన అల్లాహ్‌కే శోభిస్తాయి. మనకు ఆకలినిచ్చినవాడు ఆయనే. ఆ ఆకలిని తీర్చే ఆహారాన్ని నేల నుండి మొలకెత్తించినవాడూ ఆయనే. ఆయన తప్ప మరో ఆరాధ్యుడు లేడనీ, ముహమ్మద్ (సఅసం) ఆయన దాసుడు, అంతిమ సందేశహరుడు అనీ సాక్ష్యమిస్తున్నాము. ఆ మహనీయునిపై, ఆయన కుటుంబీకులపై, సహచరులపై అల్లాహ్ శాంతి శుభాలు వర్షించుగాక!

అమ్మా బఅద్. దైవదాసులారా! ముందుగా నాకు నేను, పిదప మీకు అల్లాహ్ పట్ల భయభక్తులు కలిగి ఉండమని హితవు చెప్పుకుంటున్నాను. తఖ్వా మస్జిదు గుమ్మం దగ్గర ఆగిపోదు. అది మనతోపాటు అంగడికి వస్తుంది, వంటింటికి వస్తుంది, దస్తర్‌ఖాన్ ముందు మన ప్రక్కనే కూర్చుంటుంది. ఈ రోజు ఆ దస్తర్‌ఖాన్ గురించే మాట్లాడుకుందాం.

సోదరులారా! సూరా అల్ అఅరాఫ్ 31వ ఆయతులో అల్లాహ్ మనకు తినటానికీ త్రాగటానికీ అనుమతినిచ్చాడు. అదే ఆయతులో హద్దు మీరవద్దని వారించాడు. హద్దు మీరేవారు తనకు ఇష్టులు కారని కూడా హెచ్చరించాడు. మన సమాజంలో మాంసం హలాలా కాదా అని విచారించేవారు ఎందరో ఉన్నారు, అల్‌హందులిల్లాహ్. కాని పళ్లెంలోకి వచ్చిన ఆ హలాల్ ఆహారం ఎంత అని విచారించేవారు అరుదు. ధర్మసమ్మతమైన పదార్థం కూడా పరిమాణం మించితే ఇస్రాఫ్ అవుతుందని, దానికీ లెక్క చెప్పవలసి ఉంటుందని మనం మరచిపోతున్నాము.

హజ్రత్ మిఖ్దాం బిన్ మఅదీకరిబ్ (రజి) ఉల్లేఖించిన ప్రసిద్ధ హదీసు తిర్మిజీ, ఇబ్నె మాజా గ్రంథాలలో ఉంది. మనిషి నింపే పాత్రలలో కడుపును మించిన చెడ్డ పాత్ర లేదని, నడుము నిటారుగా నిలిపే కొద్దిపాటి ముద్దలు అతనికి చాలునని దైవప్రవక్త (సఅసం) బోధించారు. అంతకు మించి తినక తప్పదనుకుంటే కడుపును మూడు భాగాలు చేసి, ఒకటి ఆహారానికి, ఒకటి నీటికి, ఒకటి శ్వాసకు కేటాయించమన్నారు. ఇక్కడ ఒక సూక్ష్మాన్ని గమనించండి. మూడో వంతు నింపుకోవటం మన లక్ష్యంగా చెప్పబడలేదు. అది ఆఖరి హద్దు. అసలు బోధన కొద్దిపాటి ముద్దలతో తృప్తి చెందటమే. మనమేమో ఆ ఆఖరి హద్దును దాటి, శ్వాసకు చెందిన భాగాన్ని కూడా డబల్ కా మీఠాతో నింపి, ఆపైన అల్‌హందులిల్లాహ్ అంటున్నాము.

దీని పర్యవసానం ఏమిటి? భారత వైద్య పరిశోధనా మండలి ఆధ్వర్యంలో దేశవ్యాప్తంగా జరిగిన అధ్యయనం ఫలితాలు 2023లో ప్రచురితమయ్యాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నదని, మరో 13 కోట్ల 60 లక్షల మంది దాని గుమ్మం ముందు నిలబడి ఉన్నారని అది తేల్చింది. ఈ సఫ్‌లలో కూర్చున్న మనలో షుగరు, బీపీ మాత్రలు లేని ఇల్లు ఉన్నవారెందరు? మనం ఏ రోగాన్నీ పాపంగా చెప్పటం లేదు. రోగాలు వంశపారంపర్యంగానూ వస్తాయి, పరీక్షగానూ వస్తాయి. మితంగా తినేవారికి కూడా వస్తాయి. కాని మన చేతిలో ఉన్న కారణాన్ని మనం సరిదిద్దుకోకపోతే దానికి జవాబుదారీ మనదే. ఆరోగ్యం, తీరిక అనే రెండు వరాల విషయంలో చాలామంది నష్టపోతారని ప్రవక్త (సఅసం) హెచ్చరించినట్లు బుఖారీలో ఉంది. సూరా అత్తకాసుర్ చివరి ఆయతు ప్రకారం ప్రతి అనుగ్రహం గురించీ ఆ రోజున ప్రశ్నించబడతాము.

ధార్మిక సోదరులారా! వైద్యులు చెప్పే ‘కేలరీ’ అనే మాట విని కొందరు అది ధనవంతుల వ్యాపకమని నవ్వుతారు. అది కేవలం ఒక కొలత. ఆహారం నుండి దేహానికి అందే శక్తిని దానితో కొలుస్తారు. గ్రాము పిండి పదార్థంలో 4, గ్రాము మాంసకృత్తులలో 4, గ్రాము క్రొవ్వులో 9 కేలరీలు ఉంటాయి. ఖర్చు కాని శక్తి దేహంలో క్రొవ్వుగా పేరుకుంటుంది. 1958లో కూనూరు నుండి హైదరాబాదుకు తరలివచ్చిన జాతీయ పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన అంచనాల ప్రకారం, కూర్చుని పనిచేసే పురుషునికి రోజుకు సుమారు 2110 కేలరీలు, స్త్రీకి సుమారు 1660 కేలరీలు సరిపోతాయి. పొలంలో దుక్కి దున్నిన మన తాతకు సరిపోయిన పళ్లెం, దుకాణంలో గల్లాపెట్టె ముందు కూర్చునే మనకు ఎక్కువే అవుతుంది. తాత పనిని వదిలేశాము, తాత పళ్లెాన్ని మాత్రం వదల్లేదు.

అదనపు కేలరీలు ఏ దారిన వస్తున్నాయో చూడండి. రోజుకు ఐదు ఛాయ్‌లు త్రాగి, ఒక్కోదానిలో రెండు చెంచాల చక్కెర వేసుకునే మనిషి, పది చెంచాల చక్కెర, అంటే 40 నుండి 50 గ్రాములు తనకు తెలియకుండానే తీసుకుంటున్నాడు. దాని ద్వారా 160 నుండి 200 కేలరీలు చేరుతాయి. దానితో తినే ఉస్మానియా బిస్కెట్ల లెక్క వేరు. నలుగురున్న ఇంట్లో నెలకు ఐదు లీటర్ల నూనె ఖర్చయితే, తలకు రోజుకు దాదాపు 340 కేలరీలు నూనె నుండే వస్తున్నాయి. ఆ ఐదు లీటర్లను నాలుగు చేయగలిగితే, ఏ వంటకాన్నీ మానకుండానే తలకు రోజుకు 68 కేలరీల దాకా తగ్గుతాయి. నెలకు ఒక లీటరు నూనె డబ్బు కూడా మిగులుతుంది. వ్యాపారంలో పైసా పైసాకు లెక్క చూసే మనం, అల్లాహ్ అప్పగించిన దేహం విషయంలో లెక్క చూడటాన్ని చిన్నతనంగా ఎందుకు భావించాలి?

సోదరులారా! మితంగా తినాలని తెలియనివారు లేరు. తెలిసినా నిలబడలేకపోవటమే అసలు కష్టం. ఆ కష్టాలను ఒక్కొక్కటిగా పరిశీలిద్దాం.

మొదటిది, పళ్లెంలో మిగల్చటం పాపమన్న భయం. ఈ భయం మంచిదే. క్రింద పడిన ముద్దను సైతం శుభ్రపరచి తినమని, పళ్లెాన్ని పూర్తిగా ఖాళీ చేయమని ప్రవక్త (సఅసం) నేర్పారు. కాని మనం ముందు కొండలా వడ్డించుకుని, పిదప వృథా కాకూడదని అంతా కడుపులో వేసుకుంటున్నాము. అవసరం లేని ఆహారాన్ని చెత్తకుండీలో వేయటం ఒక వృథా అయితే, దేహంలో వేయటం మరో వృథా. ఈ రెండింటికీ ఒకే పరిష్కారం ఉంది: గరిటె దగ్గరే ఆగటం. కొంచెం వడ్డించుకోండి, చాలకపోతే మళ్లీ అడగండి. మిగిలే అవకాశం ఉన్నదాన్ని చేయి పెట్టకముందే ప్రక్కన తీసి పేదవానికి అందించండి. ఇద్దరి భోజనం ముగ్గురికి చాలునన్న ప్రవక్త (సఅసం) బోధనలో మన ఆరోగ్యమూ ఉంది, పేదవాని హక్కూ ఉంది.

ఇంట్లో అందరి తర్వాత తినే తల్లులు, పిల్లలు వదిలిన మెతుకులన్నీ తామే తినేస్తారు. వారి అనారోగ్యానికి ఇదీ ఒక కారణం. వారితో కలసి కూర్చుని తినండి. వారి వంతు తాజా కూర, పండు వారికి ముందే తీసి ఉంచండి. ఫజ్ర్ తర్వాత మీరు నడకకు వెళ్తూ, ఇంటి ఇల్లాలికి ఆ అవకాశమే లేకుండా చేయకండి. ఆరోగ్యం స్త్రీ పురుషులిద్దరికీ అవసరమే.

రెండవది, అన్నీ ఒక్కసారిగా మార్చుకోవాలన్న ఆవేశం. కొందరు ఒక శనివారం ఉదయం అన్నం మానేస్తారు, రొట్టె మానేస్తారు, మాంసం మానేస్తారు. పది రోజులు గడవగానే ఒక దావత్‌లో ఆ పది రోజుల బాకీ తీర్చుకుంటారు. ఆ తర్వాత ఇది తమ వల్ల కాదని నిరాశ చెందుతారు. అల్లాహ్ ధర్మసమ్మతం చేసిన మంచి వస్తువులను మీకు మీరే నిషేధించుకోవద్దని సూరా అల్ మాయిదా 87వ ఆయతు బోధిస్తోంది. కొద్దిపాటిదైనా నిలకడగా చేసే ఆచరణే అల్లాహ్‌కు మిక్కిలి ప్రీతిపాత్రమని విశ్వాసుల మాతృమూర్తి హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించారు. కనుక ఈ వారం ఛాయ్‌లో ఒక చెంచా చక్కెర తగ్గించండి. వచ్చే నెల రాత్రి భోజనాన్ని ఇషాకు ముందుకు జరపండి. ఒక రోజు జారిపోతే మరుసటి పూట తిరిగి మొదలుపెట్టండి. పాపం చేసినవానికే తౌబా తలుపు తెరిచి ఉన్నప్పుడు, ఒక పూట ఎక్కువ తిన్నవాడు నిరాశ చెందటం ఎందుకు?

మూడవది, ఆకలి కాని ఆకలి. విసుగుతో తింటాము, దుఃఖంతో తింటాము, చేతిలో ఫోను ఉంటే ఎంత తిన్నామో తెలియకుండా తింటాము. కడుపు నిండిన సంగతి మెదడుకు చేరటానికి సుమారు 20 నిమిషాలు పడుతుందని వైద్యులు చెబుతారు. హడావిడిగా తినేవాడు ఆ కబురు అందేలోపే అవసరానికి మించి తినేస్తాడు. బిస్మిల్లాహ్ చెప్పి, కుడి చేత్తో, తన ముందున్న చోటు నుండి తినమని ప్రవక్త (సఅసం) ఒక బాలునికి నేర్పిన మర్యాదలు మనందరికీ వర్తిస్తాయి. ఎవరి పేరుతో తింటున్నామో గుర్తుంచుకుని తినేవాని చేయి తొందరపడదు.

నాలుగవది, సంకల్పం. అద్దంలో అందంగా కనిపించాలని మొదలుపెట్టిన నియమం అద్దం ముందు నుండి జరగగానే సడలుతుంది. సజ్దాలో తేలికగా వంగాలి, తల్లిదండ్రులకు సేవ చేయాలి, పిల్లలను పెంచి పెద్దచేయాలి, ఎవరికీ భారం కాకూడదు అన్న నియ్యత్‌తో వదిలిన ముద్ద ఇన్‌షా అల్లాహ్ పుణ్యంగా నమోదవుతుంది. నీ దేహానికి కూడా నీపై హక్కు ఉన్నదని దైవప్రవక్త (సఅసం) తన సహచరునికి చెప్పారు. ఆ హక్కును చెల్లించటం కూడా ఇబాదతే.

అల్లాహ్ నన్నూ, మిమ్మల్నీ, విశ్వాసులందరినీ క్షమించుగాక! ఆయనను క్షమాభిక్ష వేడుకోండి. నిశ్చయంగా ఆయన క్షమాశీలుడు, కరుణామయుడు.

రెండవ ఖుత్బా

సర్వ స్తోత్రాలు అల్లాహ్‌కే. ఆయన ప్రవక్తపై శాంతి శుభాలు కలుగుగాక!

దైవదాసులారా! నియమం పాటించే మనిషికి ఇంటి కంటే దావత్ ఎక్కువ పరీక్ష. మన ఆతిథ్యం మనకు గర్వకారణం. కాని వద్దన్న అతిథి పళ్లెంలో బలవంతంగా మరో గరిటె బిర్యానీ వేయటం ఆతిథ్యం కాదు. అతనికి షుగరు ఉందేమో, వైద్యుడు వద్దన్నాడేమో మీకు తెలియదు. ఒకసారి అడగండి, రెండోసారి అడగండి, పిదప అతని మాటను గౌరవించండి. అతిథి కూడా వంటకాన్ని తప్పుపట్టకుండా మృదువుగా నిరాకరించాలి. ప్రవక్త (సఅసం) ఏనాడూ భోజనాన్ని విమర్శించలేదు. ఇష్టమైతే తినేవారు, లేకపోతే ఊరకుండేవారు.

వలీమా సున్నత్. కాని అర్ధరాత్రి పన్నెండు గంటలకు ఫంక్షన్ హాలులో పదిహేను రకాలు వడ్డించి, సగం పారవేసి, అప్పు తెచ్చి పెట్టే విందు సున్నత్ కాదు. ధనవంతులను పిలిచి పేదలను వదిలివేసే వలీమా భోజనం అతి చెడ్డ భోజనమని హదీసులో ఉంది. వంటకాల సంఖ్య తగ్గించండి, వేళకు వడ్డించండి, పేదల వంతును ముందే కేటాయించండి.

ఎవరి దేహాన్నీ ఎగతాళి చేయకండి. లావుగా ఉన్న అమ్మాయిని సంబంధం చూడటానికి వెళ్లి మాటలతో గాయపరచేవారు, సన్నగా ఉన్న అబ్బాయికి పేర్లు పెట్టేవారు సూరా అల్ హుజురాత్ 11వ ఆయతును గుర్తుచేసుకోవాలి. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ మస్ఊద్ (రజి) సన్నని పిక్కలను చూసి కొందరు నవ్వితే, తీర్పుదినాన త్రాసులో అవి ఉహుద్ పర్వతం కంటే బరువైనవని ప్రవక్త (సఅసం) చెప్పారు. అల్లాహ్ దగ్గర తూగేవి ఆచరణలు. మనిషిని సంస్కరించటానికి అవమానం ఎన్నడూ ఔషధం కాదు.

రమజాన్ మనకు నిగ్రహాన్ని నేర్పే మాసం. పగలంతా నీటి చుక్క ముట్టనివాడు ఇఫ్తార్ వేళ సమోసాలు, మిర్చి బజ్జీలు, షర్బత్, ఆపైన హలీం తిని ఆ మాసంలోనే బరువు పెరగటం విచారకరం. తాజా ఖర్జూరాలతో, అవి లేకపోతే ఎండు ఖర్జూరాలతో, అవీ లేకపోతే నీటితో ఇఫ్తార్ చేయటం ప్రవక్త (సఅసం) విధానం. మధుమేహం ఉన్నవారు, ముఖ్యంగా ఇన్సులిన్ తీసుకునేవారు, రమజాన్‌కు ముందే వైద్యుణ్ణి సంప్రదించాలి. చక్కెర 70కి తగ్గితే, లేదా 300 దాటితే ఉపవాసం విరమించమని వైద్య నిపుణులు సూచిస్తున్నారు. పరీక్ష కోసం వేలి నుండి రక్తపు చుక్క తీసినంత మాత్రాన ఉపవాసం భంగం కాదు. రోగికి అల్లాహ్ స్వయంగా ఖుర్ఆన్‌లో వెసులుబాటు ఇచ్చాడు. ఆ వెసులుబాటును స్వీకరించటం విశ్వాస బలహీనత కాదు. ఇతరులెవరూ వారిని నిందించరాదు.

సోదరులారా! ఈ రోజు జుమా భోజనానికి ఇంటికి వెళ్తున్నారు. ముందుగా పళ్లెంలో కొంచెమే వడ్డించుకోండి. బిస్మిల్లాహ్‌తో ప్రారంభించి, ఇంకా కాస్త తినాలనిపిస్తుండగానే చేయి తీసి అల్‌హందులిల్లాహ్ అనండి. మిగిలినదానిలో ఒక వంతు పొరుగున ఆకలితో ఉన్నవానికి చేర్చండి.

ఓ అల్లాహ్! మా ఆహారంలో శుభాన్ని ప్రసాదించు. మా దేహాలకు స్వస్థతను, మా కోరికలపై అదుపును ప్రసాదించు. మాలోని రోగులకు ఆరోగ్యాన్నివ్వు. ఆకలిగొన్నవారిని మరచి నిండిన కడుపుతో నిద్రించేవారిలో మమ్మల్ని చేర్చకు. మా తల్లిదండ్రులను, సమస్త విశ్వాసులను క్షమించు. నీవు అప్పగించిన అమానతులను కాపాడుకుని నీ సన్నిధికి చేరే భాగ్యాన్ని మాకు ప్రసాదించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!