ఆయుధ స్వాధీనము – న్యాయ విచారణ

(మల్కాజ్‌గిరిలోని యొక పఠనమందిరమున చేసిన ఉపన్యాసము)



తుపాకిని గూర్చి మాటలాడుటకు న్యాయవాది యేల యని మీలో కొందఱకు తోచవచ్చును. ఎవని యింట తుపాకి యుండవలెనను ప్రశ్నకంటె, ఉన్నదానిని ఎవరు, ఏ విధమున తీసికొనవలెనను ప్రశ్నయే నాకు ముఖ్యము. అది న్యాయమునకు సంబంధించినది.

అమెరికాలో కొన్ని రాష్ట్రములు ‘ఎఱ్ఱజెండా చట్టములు’ అనువానిని చేసికొన్నవి. 1999లో కనెక్టికట్ మొదలిడినది. పాఠశాలలో హత్యాకాండ జరిగిన పిదప 2018లో ఫ్లోరిడాయు చేసినది. ఒకడు తనకో పరులకో అపాయము కలిగించునని తోచినచో, నేరము చేయక మునుపే వాని తుపాకిని తీసికొనునట్లు న్యాయస్థానము ఆజ్ఞాపింపవచ్చును. నేరమే లేనిదే స్వాధీనమేల యని తుపాకులవారు మొఱపెట్టుచున్నారు. ఇది దూరదేశపు తగవని మనము తలపరాదు. అట్టి యధికారము మన చట్టమునందును గలదు.

1878లో లిట్టను ప్రభువు కాలమున పుట్టిన ఆయుధ చట్టము భారతీయులను నిరాయుధులను గావించినది. తెల్లవారికి మాత్రము మినహాయింపులు లభించినవి. ఆ యవమానమును మఱువకయే కాంగ్రెసు 1931లో, నియమములకు లోబడి ఆయుధము ధరించుటను ప్రాథమిక హక్కులలో చేర్చినది. 1948లో రాజ్యాంగసభలో కామత్ గారు అందులకై సవరణ తెచ్చిరి, సభ యంగీకరింపలేదు. కావున నేడు ఆయుధము రాజ్యాంగదత్తమైన హక్కు కాదు. 1959 నాటి చట్టము క్రింద లైసెన్సు మూలమున లభించునది మాత్రమే.

ఆ చట్టమున 22వ సెక్షను చూడుడు. ఒకని యొద్ద ఆయుధముండుట ప్రజాశాంతికి అపాయమని మేజిస్ట్రేటు నమ్మినచో, కారణములు వ్రాసి, ఇల్లు సోదా చేయించి, లైసెన్సున్నను ఆ యాయుధమును తాను అవసరమనుకొన్నంత కాలము నిలిపి యుంచవచ్చును. 17వ సెక్షను క్రింద లైసెన్సును రద్దు చేయవచ్చును. కారణములు వ్రాయవలెను, కాని ప్రజాహితము కాదని తోచినచో వానిని తెలుపనక్కఱలేదు. అప్పీలు గలదు, అది తేలువఱకు సాధారణముగ ఆజ్ఞ యమలులోనే యుండును.

ఈ యధికారమే వలదని నేననను. త్రాగి వచ్చి భార్యాబిడ్డలపై తుపాకి యెత్తువాని చేతినుండి దానిని లాగుకొనుటకు శవము లేచువఱకు ఆగుదుమా? కాని మఱియొక యింటిని చూడుడు. మన సైనికపురి, నేరేడుమెట్ట ప్రాంతములలో సైన్యమునుండి విరమించినవారు పలువురు గలరు. అట్టివారిలో నొకరు లైసెన్సు తుపాకితో కావలి యుద్యోగము చేసికొనుచున్నారనుకొందము. ఆస్తి తగవులో దాయాది యొక అబద్ధపుటర్జీ పెట్టును. తుపాకి పోవును, దానితో జీతమును పోవును. నిజము తేలునాటికి ఆ యింట పొయ్యిలో పిల్లి లేవని దినములెన్ని గడచునో!

ఎన్నికలు వచ్చినపుడెల్ల ఆయుధములను ఠాణాలో నప్పగింపుడను ఆజ్ఞలు మీరెఱిగినవే. జామీనుపై నున్నవారిని, నేరచరిత్ర గలవారిని, అల్లరులలో పాల్గొన్నవారిని పరిశీలించి యేరుకొనవలెనని ఎన్నికల సంఘము సూచించినది. అందఱిని ఒకే గాట గట్టరాదని అలహాబాదు ఉన్నత న్యాయస్థానము 2024లో చెప్పినది.

ఫ్లోరిడాలో పదునాలుగు దినములలో విచారణ జరుగవలెను. ఆజ్ఞ యొక యేటికి మించి పొడిగింపు లేక నిలువదు. మన 22వ సెక్షనులో అట్టి గడువు లేదు. కావున నేను కోరునవి అయిదు: తీసికొనిన వెంటనే కారణములతో లిఖితపూర్వకమైన ఆజ్ఞ, ఆయుధమునకు రసీదు, స్వల్పకాలములో ఉభయపక్షముల విచారణ, ఆజ్ఞకు గడువు, తెలిసి యబద్ధపుటర్జీ పెట్టినవానికి శిక్ష. వీనివలన భయపడు నిల్లాలికి రక్షణ తగ్గదు. నిర్దోషికి మాత్రము దారి దొరకును.

ఆయుధముల చట్టము మార్చుట పార్లమెంటు పని. మనకు మల్కాజ్‌గిరి పేరనే యొక పార్లమెంటు నియోజకవర్గము గలదు. ఈ సభనుండియే మహజరు వ్రాసి మన సభ్యునికి పంపుదము. లేఖకుడు సిద్ధముగ నున్నాడు, సంతకములు మీవి.