'అలమ్నై' అంటే ఎవరు?
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

వెనకున్న బ్యానరు మీద మన సంఘం పేరులో 'అలమ్నై' అనే ఇంగ్లీషు మాట ఉంది. నేను ఇంగ్లీషు మాస్టారుగా పనిచేసినవాణ్ణి కాబట్టి ముందు వ్యాకరణం చెప్పి, తరవాత అసలు సంగతికి వస్తాను.

అలమ్నై బహువచనం. ఒక్కడైతే అలమ్నస్. అమ్మాయి అయితే అలమ్నా, అందరూ అమ్మాయిలే అయితే అలమ్నీ. 'నేను ఫలానా కాలేజీ అలమ్నై' అని చాలామంది రాస్తుంటారు. 'నేను పూర్వ విద్యార్థులు' అన్నట్టుంటుంది అది. ఈ తంటా లేకుండా ఇప్పుడు కొందరు పొట్టిగా 'అలమ్' అనేస్తున్నారు.

మాట లాటిన్‌ది. 'అలెరె' అంటే తిండి పెట్టి పెంచడం. రోమన్లు అలమ్నస్ అన్నది పెంపుడు బిడ్డను. కన్నవాళ్లు వదిలేసిన పసివాణ్ణి తెచ్చి సాకితే వాడూ అలమ్నస్సే. చదివిన బడిని 'ఆల్మా మేటర్' అంటాం కదా, ఆ ఆల్మా కూడా ఇదే ధాతువు నుంచి వచ్చింది. పోషించే తల్లి అని అర్థం. కోర్టులో భరణాన్ని 'అలిమొనీ' అంటారు, అదీ ఈ కుటుంబంలోదే.

మన 'పూర్వ విద్యార్థి'లో 'పూర్వ' ఉంది. లాటిన్ మాటలో అది లేదు. కృష్ణుడు మధురకు వెళ్లిపోయినా యశోదకు పూర్వ కొడుకు కాలేదు.

ఇక అసలు సంగతి. ఈ ఉత్సవానికి పిలుపులు పంపడానికి మనం పదో తరగతి పాసైనవారి జాబితా ముందు పెట్టుకున్నాం. ఆ పనిలో నేనూ ఉన్నాను. తండ్రి పోయి, ఏడో తరగతిలోనే పనికి వెళ్లిపోయిన నా బెంచీ స్నేహితుడి పేరు అందులో లేదు. పది తప్పినవారు లేరు. పెళ్లి చేసి మధ్యలో మాన్పించిన అమ్మాయిలు లేరు. ఇంగ్లీషు నిఘంటువులు ఈ మాటకు పాసైనవారు అనే కాదు, అక్కడ చదివినవారు అని కూడా అర్థం చెబుతాయి. తల్లి మార్కులు చూసి అన్నం పెట్టదు కదా!

అడ్మిషన్ రిజిస్టర్లు బడి బీరువాలో భద్రంగా ఉన్నాయి. ఇకమీదట పిలుపులు వాటిలో చూసి రాద్దాం.

మొన్న వెళ్లి నా స్నేహితుణ్ణి పిలిస్తే, 'నేను పాసవలేదు కదరా, నన్నెందుకు?' అన్నాడు. ఇవాళ వచ్చి చివరి వరసలో కూర్చున్నాడు. వాడికి జవాబుగానే ఈ నాలుగు మాటలు చెప్పాను. ముందుకు రారా!