రెండు పేర్ల మనిషికి సాక్షి ఎవరు?

(ఖాజీపేట సంఘ కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



శతవార్షికోత్సవ వేళ మన పితరుల విశ్వాసాన్ని తలచుకోవలసినచోట సినిమా కథ ఎత్తుకున్నారేమిటని మీలో కొందరు అనుకోవచ్చు. ప్రభువు తన బోధలో విత్తనాలు, వలలు, పోయిన నాణెము వంటి జనులెరిగిన వాటినే చేతబట్టాడు. ఖాజీపేట మొదలు ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల వరకు మన జనులెరిగిన వాటిలో సినిమా ఒకటి. కనుక మేము అక్కడే మొదలుపెడుతున్నాము.

1979లో ఎన్.టి. రామారావుగారు నటించిన 'యుగంధర్' మీలో పెద్దలు కొందరు చూసే ఉంటారు. దర్శకుడు కె.ఎస్.ఆర్. దాస్. 1978లో వచ్చిన హిందీ 'డాన్' దానికి మూలము. ఆ మూలకథ ఇది. ముఠానాయకుడొకడు పోలీసులు వెంటాడగా చనిపోతాడు. ఆ సంగతిని డి.ఎస్.పి. గుట్టుగా ఉంచి, అచ్చంగా ఆ నాయకుని పోలిన ఒక బీదవానికి తర్ఫీదిచ్చి ముఠాలోకి పంపుతాడు. ఈ బీదవాడు వీధులలో ఆడిపాడి, దిక్కులేని ఇద్దరు పిల్లలను సాకుతున్నవాడు. వారిని చదివిస్తానని డి.ఎస్.పి. మాట ఇచ్చినందుకే అతడు ఆ దొంగ పేరు నెత్తిన వేసుకున్నాడు. ఆ తరువాత డి.ఎస్.పి. గుండు దెబ్బకు కూలిపోతాడు. ఇతడు ఫలానావాడని చెప్పగల ఒక్క నోరూ మూతపడింది. పోలీసులకు అతడు దొంగ, ముఠాకు ద్రోహి.

ఇటువంటి కథలను హాలీవుడ్‌వారు అంతకు చాలా ముందే తీశారు. 1947లో ఆంథొనీ మాన్ దర్శకత్వంలో 'టి-మెన్' అనే చిత్రం వచ్చింది. అమెరికా ఖజానాశాఖ ఉద్యోగులిద్దరు మారుపేర్లతో దొంగనోట్ల ముఠాలో చేరతారు. ఒకనాడు బజారులో వారిలో ఒకనికి కట్టుకున్న భార్యే ఎదురవుతుంది. వెంట ఉన్న స్నేహితురాలు అతనిని ఆనవాలుపట్టి పలకరిస్తుంది. పక్కనే ముఠావాడు ఉన్నాడు. ఆ ఇల్లాలు పరిస్థితి గ్రహించి, ఈయన నా భర్త కాడని బొంకుతుంది. అయినా అతని ప్రాణం దక్కలేదు. అతడు హతమవుతుంటే రెండవ ఉద్యోగి నోరు మెదపక నిలబడి చూడవలసి వచ్చింది. ప్రధానయాజకుని ముంగిట పేతురు తన ప్రాణం కొరకు బొంకాడు. ఈమె భర్త ప్రాణం కొరకు బొంకింది. ఈ రెండింటినీ ఒకే తక్కెడలో తూచలేము. కాని రెండుచోట్లా గుండె పగిలింది.

ప్రియులారా, మనలో ఎన్ని ఇండ్లలో రెండు పేర్లు ఉన్నాయి? బాప్తిస్మపు రిజిస్టరులో ఒక పేరు, బడి సర్టిఫికెట్టులో మరొక పేరు. ఆదివారం ఒక మతం, దరఖాస్తు కాగితంలో ఇంకొక మతం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులాల హోదాను హిందువులకే పరిమితం చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ తలుపు తెరిచారు. క్రైస్తవులకు తెరవలేదు. మన రాష్ట్రంలో షెడ్యూల్డు కులాలకు నూటికి 15 వంతుల రిజర్వేషన్ ఉండగా, ఆ కులాలనుండి క్రైస్తవులైనవారిని వెనుకబడిన తరగతుల 'సి' గ్రూపులో చేర్చి నూటికి ఒక వంతు ఇచ్చారు. బాప్తిస్మము తీసుకున్నంత మాత్రాన ఊరివారు వాడ పేరు మరచిపోయారా? కూలి పెరిగిందా? పిల్లల చదువు కొరకు మరొక పేరు మోస్తున్న తండ్రి, ఆ సినిమాలోని బీదవానికి ఎంత దూరంలో ఉన్నాడు?

అబద్ధము మంచిదని మేము చెప్పము. కాని పరిశుద్ధ గ్రంథములో హూషై అనే వాని కథ చదవండి. అబ్షాలోము తిరుగుబాటు చేసినప్పుడు దావీదు తన స్నేహితుడైన హూషైని శత్రువు కొలువులోకే పంపాడు. అహీతోపెలు ఆలోచనను చెరపడం అతని పని. అయితే దావీదు అతనిని ఒంటరిగా విడువలేదు. సాదోకు, అబ్యాతారు అనే యాజకులిద్దరిని అతనికి తోడుగా ఉంచాడు. వారి కుమారులు వార్తలు మోశారు. బహూరీములో ఒక స్త్రీ వారిని బావిలో దాచి, పైన ముసుగు పరచి ధాన్యము పోసింది. హూషై ఎవరి పక్షమో ఎరిగినవారు లోపల ఉన్నారు, బయట ఉన్నారు.

డి.ఎస్.పి. తన మనిషికి ఒక్క సాక్షినే ఉంచాడు. దావీదు యాజకులను సాక్షులుగా ఉంచాడు. ఈ భేదములోనే సంఘము పని ఏమిటో మాకు కనబడుతున్నది. రెండు పేర్ల మధ్య నలుగుతున్నవారిని చూసి వీధి అరుగు మీద గుసగుసలాడడం సంఘస్థుల పని కాదు. వారి కాగితాల సంగతి ఎవరికో చేరవేయడం అంతకన్నా కాదు. వారు జబ్బుపడితే ఇంటికి వెళ్ళాలి. వారి బిడ్డను బల్ల దగ్గరకు పిలవాలి. కన్నుమూస్తే మనవారని చెప్పి సమాధి చేయాలి. ఆ వేళ వెనుకకు తగ్గే సంఘము, భర్తను ఎరుగనన్న ఆ ఇల్లాలికున్న సాకు కూడా లేనిది.

ఇంకొక మాట. మరుగున ఉండవలసిన అవసరమే పోవాలని మనము అడగాలి. 2023 మార్చిలో మన శాసనసభ, దళిత క్రైస్తవులకు ఆ హోదా ఇవ్వమని కేంద్రాన్ని కోరుతూ తీర్మానం చేసింది. ఆ కోరికను మన ప్రార్థనలో, మన అర్జీలలో సజీవంగా ఉంచుదాము. ఏ అడ్డూ లేనివారు, చదువు ముగిసి ఉద్యోగంలో స్థిరపడినవారు, సిగ్గుచేతనే దాగి ఉంటే మాత్రం బయటికి రండి. భయపడే బీదవానికి మీ పేరే ధైర్యము.

మనుష్యులలో సాక్షులందరు చనిపోయినా, మన పేరు ఎరిగిన కాపరి ఒకడున్నాడు. ఆయన ఎరిగినవారిని ఆయన సంఘము ఎరుగకపోవడం తగదు. ఈ నూరేండ్లకు దేవునికి స్తోత్రము కలుగును గాక. ఆమేన్.